పొద్దు పొడవని చోట రోజా

డిసెంబరు 3, రియాద్

ఎవరితోనూ చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా, అందుకే రాస్తున్నాను. తెలుగులో రాస్తే ఈ ఇంట్లో చదివేవాళ్లు లేరు. మా ఆయన చాంద్ బాషా ఇదే ఇంట్లో డ్రైవరు. ఆయన బడిలో చదివింది ఉర్దూ. తెలుగు గడగడా మాట్లాడతాడుగానీ, చదవమంటే బస్సు బోర్డు దగ్గరే ఆగిపోతాడు.

ఈరోజు మధ్యాహ్నం మామా అన్నం ముందు కూర్చుని, "అబూ ఫహద్‌కు పెట్టినావా పిల్లా?" అని అడిగింది. అబూ ఫహద్ ఆమె భర్త. పోయి పన్నెండేళ్లు. నేను ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్లు, ఆయన్ని ఫోటోలో తప్ప చూడలేదు. "పెట్టినా మామా. తిని పండుకున్యాడు" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట నా నోటికి. ఆమె తృప్తిగా తినడం మొదలుపెట్టింది. అంతలో ఆమె కూతురు, మా మేడం వచ్చి, "అమ్మ ఏమంటోంది ఆరిఫా?" అంది. కూరలో ఉప్పు తక్కువైందంట అని చెప్పాను.

మామా అంటే ఇక్కడ అమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల ఆడమనిషిని అలా పిలవాలంటే మొదట్లో నవ్వాగేది కాదు, మా ప్రొద్దుటూరులో మామకు మీసాలుండాలి. ఇప్పుడు ఆమె అరబ్బీలో తిట్టినా నా చెవికి మా ఊరి మాటలాగే వినిపిస్తుంది. అలాగే రాసుకుంటాను.

ఇంతకీ మేము ఓడ ఎక్కబోతున్న సంగతి. మనవడు ఫోన్లో ఏదో వీడియో చూపించాడు. భూమికి పై చివరన, నార్వేలో, చలికాలం ఆకాశం పచ్చగా వెలిగి పరదాలా ఊగుతోంది. మామా ఒక్క ముక్క నమ్మలేదు. "ఇది కంప్యూటర్ పని" అంది. దమ్మామ్ నుంచి పెద్దకొడుకు ఫహద్ ఫోన్ చేసి నిజమేనన్నా, "నా కంటితో చూస్తేనే నమ్మేది" అని కూర్చుంది. మేడం ఆ మాట పట్టుకుని జనవరి సెలవులకు ఓడ టిక్కెట్లు తీసేసింది. మేడం, ఇద్దరు పిల్లలు, మామా. మామాను చూసుకోవడానికి నేను.

మేడంకు ఈ మతిమరుపు తెలిసిందంటే నేరుగా డాక్టరు దగ్గరికే. ఆయన ఓడ వద్దంటాడు. ఫహద్ వచ్చి ఆమెను దమ్మామ్ తీసుకెళ్లి తన ఇంట్లో ఒక గదిలో కూర్చోబెడతాడు. ఎప్పటినుంచో అదే పాట ఆయనది. ఆమె మాత్రం రోజూ పొద్దున లేవగానే, "ఇంకెన్నాళ్లుంది పిల్లా ఓడకు?" అని అడుగుతోంది. తిరిగి వచ్చేదాకా నోరు విప్పను.

ఆమెకు పెద్దగా ఏమీ లేదు. వయసు, అంతే.

డిసెంబరు 6

మామా బాగుంది.

డిసెంబరు 9

పొద్దున వంటింట్లో మామా పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాను. ఖజా రోజాల మాట వచ్చింది. రంజాన్‌లో నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు రోజా, అంటే ఉపవాసం, ఉండదు కదా. వదిలినవి మళ్లీ రంజాన్ వచ్చేలోగా తీర్చాలి. నేను ఎప్పుడూ చలికాలం దాకా లాగుతాను, పగలు చిన్నది, దాహం తక్కువ. ఈసారి ఆరు మిగిలాయి.

"ఓడలో తీర్చేస్తా మామా. ఆ ఊర్లో పగలు గంటేనంట. తెల్లారుజామున సహరీ తిని నోరు కడుక్కునేలోగా ఇఫ్తార్" అన్నాను.

తమాషాకే అన్నాను. మామా నవ్వలేదు. "గంటేనా?" అంది.

"మేడం చెప్పింది. చలికాలం ఆడ పగలు అట్లా వచ్చి ఇట్లా పోతాదంట."

"నాకెన్ని ఉండాయో తెలుసునా నీకు? ఏడుగురిని కన్యా. కడుపుతో ఉన్నప్పుడు వదిలినవి, పాలిచ్చేటప్పుడు వదిలినవి. లెక్క కూడా మర్చిపోయినా."

ఆమె రోజాల బదులు కొడుకులు పేదవాళ్లకు భోజనాలు పెట్టించి ఎన్నేళ్లయిందో. చక్కెర జబ్బు మనిషి రోజా ఉండకూడదని ఇమాము కూడా చెప్పాడు. అదంతా మళ్లీ చెప్పాను. ఆమె వింటున్నట్టే తల ఊపుతూ వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. ఈలోగా పొయ్యి మీద వేసిన బెండకాయలు మాడిపోయాయి, మేడం చేత నాకు అక్షింతలు పడ్డాయి.

డిసెంబరు 18

వీసా వాళ్ల దగ్గర వేలిముద్రలు ఇచ్చి వచ్చాను. గిన్నెలు తోమీతోమీ నా వేళ్ల మీద ముద్రలే లేవు. ఆ అమ్మాయి నాలుగుసార్లు తుడిపించింది.

కోటు సంగతి తమాషా. మేడం కొనిస్తానంది. ఈలోగా మా ఆయన ఊరి చివర సులై పోయి, అక్కడ కోల్డ్ స్టోరేజీలో పనిచేసే చిత్తూరు మునిస్వామిని అడిగి అతని జాకెట్ తెచ్చాడు. కోళ్లు గడ్డకట్టే గదిలో వేసుకునేది. నాకు మోకాళ్ల దాకా వచ్చింది. వీపు మీద కంపెనీ పేరు జానెడు అక్షరాలతో. "దీంట్లో ఉంటే నార్వే కాదుమే, ఇంకా పైకి పోయినా ఏం కాదు" అని చుట్టూ తిరిగి చూసి ఒకటే నవ్వు. కోడి వాసన వస్తోందంటే, "ఆడ ఎవురికి తెలుస్తాది" అన్నాడు.

నవ్వు ఆగాక అసలు మాట చెప్పాడు. నిన్న మామాను క్లినిక్కుకు తీసుకెళ్తుంటే దారిలో, మా ఇంటికి పోనీ అందంట. ఏ ఇల్లు అంటే, తను పెళ్లి చేసుకుని వచ్చిన ఇల్లు. అది కూలగొట్టి పెద్ద రోడ్డు వేసి ఎన్నో ఏళ్లయింది. ఈయన ఆ రోడ్డు మీదే రెండు చుట్లు తిప్పి, "ఇంట్లో ఎవురూ లేరు మామా, తాళం వేసుండారు" అని చెప్పి తీసుకొచ్చాడంట.

"మేడంకు చెప్పాలమే" అన్నాడు.

"వచ్చినాక చెప్తాం."

"ఆ నీళ్ల మధ్యలో ఏమన్నా అయితే ఎవురి మెడకు చుట్టుకుంటాదో తెలుసునా?"

తెలుసు. తెలియక కాదు. పోయి పడుకోండి అన్నాను.

డిసెంబరు 30

మామా బాగుంది. నన్ను రెండుసార్లు హెస్సా అని పిలిచింది. హెస్సా ఆమె చెల్లెలు, బురైదా అనే ఊళ్లో ఉండేది. ముసలివాళ్లందరూ పేర్లు తికమకపడతారు. మా అవ్వ కూడా అంతే.

జనవరి 8

పెట్టెలు సర్దాం. మామా తన సంచీలో ఖర్జూరం పొట్లం, మక్కా నుంచి తెప్పించుకున్న జమ్‌జమ్ నీళ్ల సీసా దాచుకుంది. ఓడలో తిండి ఉండదనుకుంటోంది కాబోలు. "అన్నీ దొరుకుతాయి మామా" అంటే సంచీ వెనక్కి లాక్కుంది. మందులు, సూదులు, వేలు గుచ్చి చక్కెర చూసే మిషను నా సంచీలో ఉన్నాయి.

ఈయన విమానాశ్రయం దాకా దింపడానికి వస్తాడు. రాత్రంతా నా చెప్పులు చూస్తూ కూర్చున్నాడు. చివరికి, "సాక్సులు రెండు జతలు వేసుకో" అన్నాడు. ఆయన బాధ అలా బయటపడింది.

జనవరి 10, ఓడ

రెండు విమానాలు మారి ట్రోమ్సో అనే ఊళ్లో ఓడ ఎక్కాం. మధ్యాహ్నం రెండుకే దీపాలు పెట్టుకుని బతుకుతున్నారు జనం. రేవులో నడుస్తుంటే మంచు కాళ్ల కింద పెద్ద ఉప్పులా కరకరమంటోంది. చలి ముక్కులో వెంట్రుకల్ని కూడా వదల్లేదు. మునిస్వామి జాకెట్ చూసి ఒక తెల్లామె ఫోటో తీసుకోవచ్చా అని అడిగింది. ఎక్కడ కొన్నారని కూడా అడిగింది. సులైలో దొరుకుతుందని చెప్పాను.

మామాకు, నాకు ఒకే గది. గుండ్రటి కిటికీ కాదు, పెద్దదే. మామా ఎక్కగానే దాని ముందు కూర్చుని, "సూర్యుడు ఎప్పుడొస్తాడు?" అంది.

ఇంకో పది రోజులకుగానీ రాడంట మామా అన్నాను. నవ్వింది. తమాషా అనుకుంది.

నమాజులకు మక్కా టైము చూసుకోండి అని మేడం ఫోన్లో చూపించింది. ఇక్కడ సూర్యుణ్ణి నమ్ముకుంటే అయిదు నమాజుల్లో ఎన్ని మిగులుతాయో.

జనవరి 11

మబ్బు. ఆకాశంలో ఆ పచ్చ లైట్లు రాలేదు. మామా మధ్యాహ్నం తినలేదు, ఓడ ఊగుతోందంది. రాత్రి సూపు తాగింది. చక్కెర తక్కువే చూపించింది, మంచిదే అనుకున్నాను. మామా బాగుంది.

జనవరి 12

ముందు ఇది రాస్తాను. మామా నిద్రపోతోంది. గురక పెడుతోంది. ఇన్నేళ్లుగా ఆ గురకను తిట్టుకున్నాను, ఈరోజు అది వింటుంటే ప్రాణం లేచి వస్తోంది.

పొద్దున అనకూడదు ఇక్కడ, పొద్దే లేదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను. పొద్దున మామాకు ఇన్సులిన్ సూది వేసి, ట్రేలో రొట్టె, గుడ్డు, పాలు పెట్టి నేను స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి పళ్లెం ఖాళీ. సంతోషపడ్డాను. ఓడ ఒక చిన్న రేవులో ఆగింది. మేడం పిల్లల్ని తీసుకుని కుక్కలు లాగే బండి ఎక్కడానికి ఒడ్డుకు దిగింది.

పన్నెండు గంటలప్పుడు బయట కాస్త వెలుతురు వచ్చింది. బట్టలకు పెట్టే నీలిమందు నీళ్ల రంగులో ఉంది. ఎక్కువసేపు నిలవలేదు, మళ్లీ చీకటి. మామా కదలకుండా కిటికీలోంచి చూస్తూనే ఉంది. లైట్ల కోసం అనుకున్నాను. అన్నం తెస్తే కడుపులో తిప్పుతోంది, తర్వాత తింటా అంది.

ఆ తర్వాత చేయి పట్టుకుంటే చల్లగా, తడిగా తగిలింది. మొహం నిండా చెమట. "అబూ ఫహద్, దీపం ముట్టించు" అంది. వేలు గుచ్చి చూస్తే చక్కెర యాభై కూడా లేదు. పళ్లరసం గ్లాసు నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించేసింది. బలవంతం చేస్తే తోసేసింది, రసమంతా జాకెట్ మీద.

"రోజా ఉండా" అంది.

అప్పుడు దిండు ఎత్తి చూశాను. రొట్టె, గుడ్డు రుమాల్లో చుట్టి ఉన్నాయి. పాలు ఎక్కడ పోసిందో తెలియదు. ఏమీ తినని మనిషికి సూది వేశానన్న మాట. నా చేత్తోనే వేశాను.

"మామా, నీకు రోజా లేదు. ఇమాము వద్దన్యాడు కదా."

"ఖజా రోజా. నువ్వే కదా చెప్పింది, గంటే పగలని. ఆ వెలుతురు వచ్చింది, పోయింది. ఇంక మసీదు నుంచి అజాన్ పిలుపు పడితే తింటా."

"ఇక్కడ అజాన్ పడదు మామా. సూర్యుడే లేడు. మక్కా టైముకు తినొచ్చంట."

"మక్కాలో ఉండానా నేను?"

మేడంకు ఫోన్ చేశాను, కొండల్లో ఉన్నారేమో, తగల్లేదు. గదిలో ఫోన్ ఎత్తి రిసెప్షన్‌కు వచ్చీరాని ఇంగ్లీషులో అరిచాను. నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది, ఫిలిప్పీన్స్ పిల్ల, అఫ్షాన్ వయసుంటుంది, నా కూతురి వయసు. ట్యూబులో తీపి మందు తెచ్చి చిగుళ్లకు పూయబోతే మామా తల తిప్పి తిప్పి, చేత్తో విసిరికొట్టింది. ఆ పిల్ల డాక్టరును పిలుస్తాను, వేరే సూది తెస్తాను అని పరిగెత్తింది.

మామా తల నా భుజం మీద వాలిపోయింది. "హెస్సా, అజాన్ పడిందా?" అని అడుగుతోంది. పడలేదన్నాను. ఎందుకు పడిందని చెప్పలేదో. నోరు రాలేదు. రోజా విషయంలో అబద్ధమాడితే ఆ పాపం ఎవరిది అని ఆ గందరగోళంలో కూడా ఆలోచిస్తున్నాను, చూడు నా తెలివి.

అప్పుడు ఈయనకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. భయమేస్తే ఆయనకే చేస్తాను.

"ఏందిమే, ఏడుస్తాండావా?" అన్నాడు.

చెప్పాను. ఎలా చెప్పానో. మామా రోజా ఉంది, చక్కెర పడిపోయింది, అజాన్ పడితే తప్ప నోరు తెరవనంటోంది, ఇక్కడ అజాన్ లేదు.

"ఈడ మగ్రిబ్ అయితాంది. ఇదిగో, ఇప్పుడే పడతాది. ఫోన్ ఆమె చెవి కాడ పెట్టు" అన్నాడు. తలుపు చప్పుడు. మెట్లు దిగుతున్న చప్పుడు. ఆయన పరిగెత్తుతుంటే ఆయాసం వినిపిస్తోంది. వీధి చివర మసీదు, దాని గోడ మీద మైకు, నాకు కళ్లకు కట్టినట్టుంది. కారు హారన్ ఒకటి. ఎవరో ఉర్దూలో, కహాఁ భాగ్ రహే హో భాయ్, ఎక్కడికా పరుగు అంటున్నారు. ఇక్కడ మధ్యాహ్నం మూడు దాటింది, అక్కడ పొద్దు మునుగుతోంది.

తర్వాత అజాన్ మొదలైంది.

ఫోన్ పెద్దగా పెట్టి మామా చెవి దగ్గర ఉంచాను. గొంతు గరగరలాడుతూ వచ్చింది. మామా కళ్లు తెరిచింది. చివరిదాకా విన్నది, పెదవులు కదుపుతూ. ఇంత పొడుగా అజాన్ అని నాకు మొదటిసారి అనిపించింది.

"ఈ ఊర్లో మసీదుందా?" అని అడిగింది.

"ఉంది మామా" అన్నాను.

సంచీ వైపు చూపించింది. ఖర్జూరం తీసి పెట్టాను. బిస్మిల్లా అని నోరు తెరిచింది. ఒకటి, తర్వాత జమ్‌జమ్ నీళ్లు, ఇంకొకటి. అప్పటికి డాక్టరు, నర్సు వచ్చారు. ఇప్పుడు రసం ఇస్తే ఎంతో మర్యాదగా తాగింది. నర్సు చేయి నిమిరి, నీకు పెళ్లయిందా అని అరబ్బీలో అడిగింది. కాసేపటికి చక్కెర పైకి లేచింది. డాక్టరు ఇక భయం లేదన్నాడు.

నేను కింద కూర్చుని ఏడ్చాను. ఫోన్లో ఈయన ఇంకా అక్కడే ఉన్నాడు. "తిన్యాదా? తిన్యాదా?" అంటున్నాడు. తిన్యాది అన్నాను. "అల్‌హందులిల్లా. నేను చెప్పులు లేకుండా వచ్చేసినా" అన్నాడు.

జనవరి 12, మళ్లీ

నిద్ర రాలేదు, మిగిలింది కూడా రాసేస్తాను.

మేడం తిరిగి వచ్చాక మొత్తం చెప్పాను. పళ్లెం, సూది, అజాన్. అబూ ఫహద్‌కు అన్నం పెట్టమన్న రోజు నుంచి చెప్పాను. మీరు నన్ను రియాద్ చేరగానే పంపించేసినా సరే అన్నాను. మేడం చేతి తొడుగులు కూడా తీయకుండా నిలబడి విన్నది.

"సూది వేశాక తినేదాకా పక్కనే ఉండాలి. ఎన్నిసార్లు చెప్పాను?" అంది, గట్టిగా. తల దించుకున్నాను. అది నా తప్పే.

తర్వాత మంచం అంచున కూర్చుంది. "మిగతాది నాకు తెలుసు" అంది. "పోయిన రంజాన్ నుంచే తెలుసు. నా పేరు మర్చిపోయింది ఒకరోజు. ఫహద్‌కు చెప్తే తీసుకెళ్లిపోతాడని చెప్పలేదు. నీకు చెప్తే నువ్వు భయపడి ఊరికి వెళ్లిపోతావని చెప్పలేదు. ఈ ఓడ ఎందుకనుకున్నావ్? చూసింది గుర్తుండే రోజుల్లోనే చూపించాలని."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నెల రోజులుగా ఒకే ఇంట్లో, ఒకే మనిషిని, ఒకరికి తెలియకుండా ఒకరం కాపలా కాశాం. ఆ ఓడ ఊపు, ఆ మంచు, ఆ చీకటి అన్నీ ఒక్కసారిగా నా వీపు మీంచి దిగిపోయినట్టయింది. మేడం నవ్వింది, నేనూ నవ్వాను, మామా నిద్రలో, "గోల ఆపండి" అంది.

జనవరి 13

వచ్చాయి.

రాత్రి భోజనాల దగ్గర ఉన్నాం. మైకులో చెప్పగానే అందరూ చెంచాలు పడేసి పైకి పరిగెత్తారు. మామాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, రెండు దుప్పట్లు, దాని మీద మునిస్వామి జాకెట్ కప్పి పైకి తీసుకెళ్లాం. మొదట బూడిద రంగు మబ్బు చీలికలాగే ఉంది, ఇంతేనా అనుకున్నాను. కాసేపటికి అది పచ్చబడింది. కొండ ఆ చివర నుంచి ఈ చివరకు పాకింది, నెత్తి మీదికి వచ్చింది, ఊగింది. అడుగున కాస్త గులాబీ రంగు. చప్పుడే లేదు. అంత పెద్దది కదులుతుంటే ఏదో ఒక చప్పుడు రావాలనిపిస్తుంది, రాదు.

నేను కాసేపే పైకి చూశాను. ఎక్కువ మామానే చూశాను. మొహం మీద ఆ పచ్చటి వెలుతురు పడుతోంది. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్ల జాతరలో రంగులరాట్నం చూసినట్టు చూస్తోంది. సుబ్హానల్లా, సుబ్హానల్లా అని మెల్లగా అనుకుంటోంది. మేడం ఆమె భుజం మీద చేయి వేసి ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. తిన్నది, బతికింది, చూసింది. నాకు కావలసింది ఇంతే కదా.

చాలాసేపటికి మామా, "ఫహద్‌కు ఫోన్ చెయ్యి" అంది. మేడం కలిపి ఇచ్చింది.

"ఒరే ఫహద్, కంప్యూటర్ కాదు" అని చెప్పి ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

జనవరి 14

మామా బాగుంది. ఈసారి నిజంగానే రాస్తున్నాను.

జనవరి 20, రియాద్

వచ్చి నాలుగు రోజులైంది. డాక్టరు దగ్గరికి వెళ్లాం, జబ్బుకు పేరు పెట్టారు, మాత్రలు ఇచ్చారు. కొడుకులందరూ వచ్చారు. ఫహద్ దమ్మామ్ మాట ఎత్తబోయాడు. మేడం ఒక్కటే అంది, "ఇక్కడి అజాన్ వింటేనే ఆమె తింటోంది. నీ ఇంటి దగ్గర ఆ గొంతు ఉందా?" ఆయన అమ్మ మొహం చూసి ఊరుకున్నాడు. మామా ఈ ఇంట్లోనే ఉంటుంది. మేము కూడా. ఈ మాట విని ఈయన రెండు కిలోల జిలేబీ తెచ్చాడు, చక్కెర జబ్బు మనిషి ఉన్న ఇంటికి. మా గదిలోనే కూర్చుని తిన్నాం.

మునిస్వామి జాకెట్ ఉతికి ఇచ్చేశాం. రసం మరక పోలేదు. పోనీలే అక్కా, మా కోళ్లు ఏమనుకోవు అన్నాడంట.

ఒక్కటి మాత్రం లోపల గుచ్చుతోంది. ఆ ఊర్లో మసీదుందా అని ఆమె అడిగింది, ఉందన్నాను. అరవై ఏళ్లుగా నమాజు తప్పని మనిషిని రోజా విషయంలో మోసం చేశాను. ప్రాణం కోసమే, తెలుసు. జబ్బు మనిషికి అసలు రోజాయే లేదు, అదీ తెలుసు. అయినా రాత్రి ఈయన్ని అడిగాను.

"అజాన్ నిజమే కదామే. మసీదు కూడా నిజమే. కొంచెం దూరం, అంతే" అన్నాడు.

జనవరి 26

మామా ఓడ సంగతి మర్చిపోయింది. పిల్లలు ఫోటోలు చూపిస్తే, "ఎవురా ముసలామె, అంత పెద్ద జాకెట్ వేసుకుంది?" అని అడిగింది. పిల్లలు ఏడుపు మొహం పెట్టారు. చూసింది కదా, ఆ రాత్రి చూసింది, అది చాలు అని వాళ్లకు చెప్పాను. నాకూ చెప్పుకున్నాను.

జనవరి 29

నా ఆరు ఖజా రోజాల్లో మొదటిది ఈరోజు ఉన్నాను. ఇక్కడ పగలు పగలే, గంటలో అయిపోదు. మధ్యాహ్నానికి తలనొప్పి. మామాకు అన్నం పెట్టి, తినేదాకా పక్కనే కూర్చున్నాను. ఇప్పుడు ప్రతి ముద్దా చూస్తాను.

సాయంత్రం వంటింట్లో చపాతీలు కాలుస్తుంటే అజాన్ పడింది. రెండు చపాతీలు మిగిలాయి, అవి కానిచ్చి తిందామనుకున్నాను. వెనక నుంచి మామా గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది, చేతిలో ఖర్జూరం.

"అజాన్ పడింది. తిను" అంది.

నేను రోజా అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎలా తెలుసని అడిగితే, పెదవులు ఎండిపోయినాయి, ఒక చూపు చూస్తే తెలిసిపోతాది అంది. పొయ్యి ఆపేదాకా ఆగు మామా అన్నాను.

"ఆగొద్దు. ఆ పొద్దు నేను ఆగినానా, వాడు పిలవంగానే తినలా?"

"ఎవురు పిలిస్తే మామా?"

"అజాన్ ఇచ్చే మన మౌజన్. ఇంకెవురు? నలభై ఏండ్లుగా ఇంటాండా ఆ గొంతు, నాకు తెల్దా? ఆ ఓడలో ఫోన్లో నుంచి పిలిపించినావు కదా."

నా చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. ఓడ అంది. తనే అంది.

"తెలిసి మరి ఎందుకు తిన్యావు మామా?"

"ఆకలేసింది పిల్లా" అంది. "రోజా వదిలేస్తానని నేనే అనలేను, ఎవురో ఒకరు పిలవాల కదా."

ఖర్జూరం నా నోట్లో పెట్టి, గింజ ఉమ్మడానికి చేయి చాపింది. పక్కన పెనం మీద చపాతీ మాడుతోంది. నేను ఆ చేతిలో గింజ ఉమ్మాను. దాన్ని తలముసుగు కొంగులో మూట కట్టుకుని, నన్ను హెస్సా అని పిలిచి, ఇంక అన్నం తిందాం పా అంది.

ఇంకా ఐదున్నాయి.